గేటు దగ్గర విప్పిన ఒడిబియ్యం

పోయిన వారం మనం రత్నావతిని బస్సు మెట్టు మీద వదిలేశాం పాపం, ఒక పాదం మెట్టు మీద, రెండోది ఎర్రమట్టి మీద ఆనీ ఆనకుండా. కొత్త కోడలూ అత్తగారూ ఆషాఢంలో ఒక గడప దాటకూడదని మలాయి గడ్డ మీద క్లాంగ్‌లో పుట్టింటికి వెళ్ళిన పిల్ల, శ్రావణం వచ్చీ రాగానే బటాంగ్ బెర్జుంటై దగ్గరున్న అత్తవారుండే రబ్బరు తోటకి తిరిగొచ్చేసింది. నడుం దగ్గర చీరచెంగులో తల్లి మూటగట్టిన ఒడిబియ్యం. ఎదురుగా ముళ్ళకంచె. కంచెకి గేటు. గేటు దగ్గర తుపాకీ పట్టుకుని ఆమె మొగుడు, స్పెషల్ కానిస్టేబుల్ పైడయ్య.

ఆమెకి తెలియనిది ఒకటుంది. ఈ నెల్లాళ్ళలో తోటలో కొత్త చట్టం వచ్చింది. అడవిలో దాక్కుని సర్కారు మీద పోరాడుతున్న వాళ్ళకి తోటల నుంచి తిండి అందుతోందని, ఇళ్ళల్లో పచ్చిబియ్యం గింజ ఉండకూడదన్నారు. తోటకంతా కలిపి గేటు పక్కన ఒకటే వంటశాల పెట్టారు. అక్కడే వండాలి, అక్కడే తినాలి. వండిన అన్నం ముద్ద కూడా కంచె దాటి బయటికి పోకూడదు. బియ్యంతో పట్టుబడ్డవాళ్ళు లాకప్పుకి. పట్టుబడింది సిపాయి ఇంటివాళ్ళయితే సిపాయి ఒంటిమీద ఖాకీ కూడా ఊడుతుంది.

ఇవేవీ తెలియని రత్నావతి మాత్రం నవ్వుకుంటూ దిగింది. పెళ్ళయ్యాక పైడయ్యతో కాపురం చేసింది నెల్లాళ్ళు. అతన్ని చూడకుండా ఉన్నదీ నెల్లాళ్ళే. అంటే మొగుణ్ణి ఎంత చూసిందో సరిగ్గా అంతే చూడలేదు! ఈ లెక్క బస్సులో తట్టి ఆమె పైకే నవ్వితే, పక్కసీటు చైనా ముసలావిడ తన కోడిపిల్లల బుట్టని కాస్త అవతలికి జరుపుకుంది.

గేటు దగ్గర ముందుగా ఆమె కంటపడింది మొగుడి ముఖం కాదు, చొక్కా. గంజి లేదు. వానలో తడిసిన అరటాకులా భుజాల మీద వేలాడుతోంది.

"ఓలమ్మో, నేనింట్లో నేనని సొక్కాకి గంజి కూడా ఎట్టుకోనేదేటి ఈ మనిసి!" అనుకుని ఆమె మురిసిపోయింది. తను లేకపోతే చొక్కా సైతం వాడిపోయిందంటే ఏ కొత్త పెళ్ళికూతురు మురవదు చెప్పండి.

ఆ చొక్కా సంగతి ఆమెకి బాగా తెలుసు. నిన్నమొన్నటిదాకా పాలకత్తి పట్టి రబ్బరు చెట్లు గీసిన చేతులే ఇప్పుడు తుపాకీ పట్టాయి. కోడి కూయకముందే లేచేవాడు. గుమ్మంలో కూర్చుని తుపాకీ గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి లాగేవాడు. "ఆ గొట్టానికి రాసినంత సెరద్దగా నా తలకి రాస్తే జడ మోకాళ్ళకి దిగును మావా" అని ఆమె దెప్పితే, నిజంగానే లేచి కొబ్బరినూనె సీసా తెచ్చాడొకనాడు, డ్యూటీకి ఆలస్యమైపోతున్నా సరే. బూట్లు సర్కారువి, పాదం తనది, రెంటికీ మధ్య పాతగుడ్డ కుక్కాలి. తర్వాత కంచె వెంట నడక. తీగ తెగిందేమో అని ఒక్కొక్క పోగూ పట్టుకు ఊపుతూ, వానొస్తే వానలో, జలగ పడితే జలగతో. యుద్ధమంటే గుర్రాలూ కేకలూ అనుకుంది రత్నావతి. ఈయన యుద్ధమంతా నిలబడ్డమే. గేటు దగ్గర, ఇసుక బస్తాల వెనక, నిద్ర కళ్ళతో, నిన్నటిదాకా పక్కచెట్టు గీసినవాళ్ళ బుట్టలు వెతుకుతూ నిలబడాలి. వాళ్ళ తిట్లు తినాలి. సాయంత్రం టోపీ నిండా రంబుటాన్ పళ్ళు పోసుకుని, ఏమీ జరగనట్టు ఇంటికి రావాలి. అలాంటి మనిషిని చూసి ఆమెకి గర్వం కలిగిందంటే కలగదూ మరి!

గేటు దగ్గర రెండు వరసలున్నాయి. తెల్లవారుజామున చెట్లు గీసి, చిప్పల్లో పాలు దిగేలోపు అన్నానికి లోపలికొస్తున్న కూలీల వరస ఒకటి. బస్సు దిగినవాళ్ళది రెండోది. మగవాళ్ళని పైడయ్య, కార్పొరల్ కాళిముత్తు వెతుకుతున్నారు. ఆడవాళ్ళని వెతికేది చేతికి తెల్లపట్టీ కట్టుకున్న నూకమ్మ. పైడయ్యకి తల్లి, రత్నావతికి అత్త.

"వచ్చినావేటే గుంటా!" నూకమ్మ ముఖం వెలిగిపోయింది. "సిక్కిపోనావు. మీయమ్మ తిండెట్టనేదేటి?"

"నీ కొడుకు మీద బెంగత్తా."

"సిగ్గు నేదు సూడు దీనికి!" అంటూనే అలవాటుగా కోడలి నడుం తడిమింది. చేతులు ఆగిపోయాయి. వేళ్ళ కింద గింజలు జరజరా కదిలాయి. నూకమ్మ గొంతు తగ్గించింది. "ఒల్లో బియ్యమా?"

"అవునత్తా. అమ్మ కట్టింది. పసుపుకొమ్మూ వక్కలూ కూడా ఉన్నాయి. దారిలో ఇప్పకూడదంది. ఇంట్లో దీపం ముందర నీ సేటలోనే పొయ్యాలట."

నూకమ్మ కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. కోడలు తెచ్చే ఒడిబియ్యం చేటలో పట్టాలని ఏ అత్తకుండదు? కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, కోడలి చెవిలో, "నోరు మూసుకుని లోపలికి ఎలిపో. ఎనక్కి సూడకు" అంది. తర్వాత గేటంతా వినబడేలా, "ఏటీ నేదు! ఎల్లు!" అని అరిచింది.

రత్నావతి రెండడుగులు వేసింది.

"అమ్మా."

పైడయ్య. నెల తర్వాత వినిపించిన ఆ గొంతుకి ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. కానీ ఆ పిలుపు తన కోసం కాదు.

"దాని ఒల్లో ఏటుంది?"

"నీ పెల్లాం ఒల్లో ఏటుంటే నీకేటిరా, నలుగురిలో అడుగుతావు! సిగ్గు నేదా?" నూకమ్మ నవ్వించబోయింది. వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

పైడయ్య నవ్వలేదు. అతను చూస్తున్నది చెంగు మీద చెమటకి తడిసి పాకిన పసుపు మరకని. "రత్నా, నువ్వు సెప్పు."

నెల తర్వాత మొగుడు పలికిన మొదటి మాట! బాగున్నావా లేదు, ఎప్పుడు బయల్దేరావు లేదు. రత్నావతికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అబద్ధం మాత్రం నోటికి రాలేదు.

"బియ్యం మావా. ఒడిబియ్యం."

నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. కార్పొరల్ కాళిముత్తు నెత్తి కొట్టుకుని అరవంలో దేవుణ్ణి తలుచుకున్నాడు. "అయ్యో కడవులే! పైడీ, కొత్త పిల్లప్పా, దానికేం తెలుసు? నేను అటు తిరిగి బీడీ ముట్టిస్తా. నువ్వు చూడలేదు, నేను చూడలేదు. సరేనా?"

"ఒరే, అది బియ్యం కాదురా!" నూకమ్మ కొడుకు మీదికి వచ్చింది. "గౌరమ్మ తల్లిరా! నడిదారిలో ఆడపిల్ల ఒడి ఇప్పితే కడుపు పండదంతారు. నీ వంశం మీద నువ్వే మన్నోసుకుంతావేటి?"

కడుపు పండదన్న మాటకి రత్నావతి చేతులు రెండూ వాటంతటవే మూట మీదికి పోయాయి. అప్పుడు కూలీల వరసలోంచి ఒక గొంతు లేచింది. చంకలో పిల్ల, తలమీద పాలబక్కెట్టు. సెల్లప్పన్ పెళ్ళాం విజయలెచ్చుమి.

"ఏం సిపాయిగారూ, ఆగిపోయినారేం? నా పిల్ల గంజికని పాలడబ్బాలో గుప్పెడు బియ్యం తెస్తే పట్టుకున్నారే! చంటిపిల్లతో లాకప్పులో కూకోబెట్టినారే! మీ ఇంటి బియ్యానికి పసుపు రాస్తే బంగారమైపోద్దేం?"

విజయలెచ్చుమి మరిది మునియాండి అడవిలో చేరిపోయాడని తోటంతటికీ తెలుసు. కూలీలకి వరసగా కట్టిన ఒకే లైనింట్లో పెరిగి, ఒకే చెట్లు గీసినవాళ్ళలో మునియాండి అటు తుపాకీ పట్టాడు, పైడయ్య ఇటు పట్టాడు. అందుకే ఆమె గుప్పెడు బియ్యం కూడా పెద్ద కేసయింది. వచ్చే సోమవారం కువాలా సెలంగోర్ కోర్టులో విచారణ.

పైడయ్య ముఖం నల్లబడింది. "ఆ మాట నిజమే లెచ్చుమీ. నీకో తక్కెడ, నాకో తక్కెడ ఉండకూడదు" అన్నాడు మెల్లగా. తల్లివైపు తిరిగాడు. "అమ్మా, దీన్ని వొదిలేస్తే రేపు ఇంకో ఆడమనిసి సెయ్యి నేనెలా పట్టుకుంతాను? ఏ మొగం ఎట్టుకుని?"

"ఉజ్జోగం పోద్దిరా!"

"పోనీ. పాలకత్తి ఉంది కదా, సూరులో."

అంతలో దుమ్ము రేపుకుంటూ పోలీసు దొర జీపు వచ్చింది. ఎండకి కందిన ముఖం, మోచేతులదాకా మడిచిన చొక్కా. ఈ చుట్టుపక్కల తోటల సిపాయిలందరికీ ఆయనే పైవాడు. బజారు మలాయిలో మాట్లాడతాడు, అదీ తుపాకీ పేలినట్టు. సిపాయిలూ ఆయనతో ఆ భాషలోనే, తువాన్ అంటూ, అంటే దొరా అంటూ మాట్లాడాలి.

"అపా ఇని?" ఏమిటిది అన్నాడు.

కాళిముత్తు ఏదో సర్ది చెప్పబోయాడు. పైడయ్య ముందుకొచ్చి, బూటు టప్పుమనిపించి సెల్యూట్ చేశాడు. గంజి లేని ఆ చొక్కాలో అతను రత్నావతికి ఎంత నిటారుగా కనబడ్డాడో!

"తువాన్, ఈమె నా భార్య. ఒళ్ళో పచ్చిబియ్యం ఉంది. నేనే పట్టుకున్నాను."

దొర నోట్లోని పైపు చేతిలోకి వచ్చింది. మొగుణ్ణీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "నీ భార్యనా?"

"అవును తువాన్. కొత్త చట్టం తెలియదు. ఊళ్ళో లేదు. ఇది మా ఆచారం. పుట్టింటి నుంచి వచ్చే పెళ్ళికూతురి ఒళ్ళో తల్లి బియ్యం పోసి పంపుతుంది. అమ్మేందుక్కాదు, దాచేందుక్కాదు. మెట్టినింట్లో వండి అందరికీ పెట్టేందుకు."

"చట్టంలో పెళ్ళికూతుళ్ళ మాట లేదు."

"లేదు తువాన్. అందుకే ఒకటి అడుగుతాను." పైడయ్య మలాయి మాటలు వెతుక్కుంటున్నాడని రత్నావతికి తెలిసింది. "చట్టం వద్దనేది పచ్చిబియ్యాన్ని. ఇదిగో, వంటశాలలో ఎసరు మరుగుతోంది. మీరు చూస్తుండగా అందులో పోయిస్తాను. చిటికెలో అన్నమైపోతుంది. అందరూ ఇక్కడే తింటారు. గింజ దాగదు. ఇంకొకటి..." వెనక్కి చెయ్యి చూపించాడు. "ఆ విజయలెచ్చుమిదీ గుప్పెడు బియ్యమే. చంటిపిల్ల కోసం. ఆమెని కోర్టుకి పంపితే నా భార్యనీ పంపండి. నా భార్యని వదిలేస్తే ఆమెనీ వదిలెయ్యండి."

విజయలెచ్చుమి చంకలో పిల్లని ఇటునుంచి అటు మార్చుకుంది.

దొర చాలాసేపు పైపు బూటుకేసి కొట్టుకున్నాడు. రత్నావతి మనసు అప్పుడే లాకప్పు దాకా పోయింది. లాకప్పు ఎలా ఉంటుంది? తలుపుకి చువ్వలుంటాయా? మావ ఖాకీ విప్పేసి పాలకత్తి పట్టుకుంటే అత్త తనని జన్మలో క్షమిస్తుందా?

"వెయ్యి" అన్నాడు దొర చివరికి. "ఎసట్లో వెయ్యి. ఆ రెండో ఆడమనిషి కేసు సంగతి నేను ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడతాను. కానీ నాకూ ఒక పళ్ళెం పెట్టాలి."

కాళిముత్తు కేకపెట్టి తెలుగులోకి మార్చేసరికి వరసలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. "రేపు మెర్డేకా వస్తే ఈ కంచె పీకి పెళ్ళి పందిరెయ్యాలి లా!" మలాయి యాసలో స్వాతంత్ర్యాన్ని తలుస్తూ అన్నాడు వెనకనుంచి ఎవరో.

ఇక ఒడి విప్పడం మిగిలింది. రత్నావతి కదల్లేదు. కడుపు పండదన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. పైడయ్య దగ్గరికి వచ్చాడు. తుపాకీ కాళిముత్తుకిచ్చి వచ్చాడు.

"బయమా?"

"దారిలో ఇప్పకూడదు మావా. మీయింట్లో ఇప్పాలి."

"పొద్దు పొడిసిన కాడినించి పొద్దుగూకేదాకా నేనిక్కడే కదే ఉండేది. తిండిక్కడే, తిట్లిక్కడే. ఇది నా ఇల్లు కాకపోతే మరేటి?" ఇసుక బస్తాల మీద చెయ్యి వేసి, సిగ్గుపడుతూ నవ్వాడు. "గోడలు బస్తాలవి, అంతే."

ఆ నవ్వుకి రత్నావతి కోపం, ఏడుపు, దడ అన్నీ ఎసట్లో పడ్డట్టయ్యాయి. వంటవాడు అరుముగం చేట తెచ్చాడు, దీపం లేదంటూనే పొయ్యిలోంచి మండే కొరివి తీసి పట్టుకున్నాడు. నూకమ్మ ముక్కు చీదుకుంటూ వచ్చి చేట పట్టింది. పసుపు బియ్యం జలజలా రాలాయి. ముత్తైదువలు అరుస్తున్నారు, "అత్తాకోడళ్ళు సల్లగుండాల!" పెళ్ళప్పుడు కూడా ఇంతమంది దీవించలేదు తనని.

ఆ పూట అన్నం లేత పసుపుగా ఉడికింది. అందరి పళ్ళేల్లోనూ పడింది. దొర వేళ్ళతో తినబోయి చొక్కా మీద పోసుకున్నాడు. పైడయ్య నిలబడే తిన్నాడు, గేటు మీంచి చూపు తీయకుండా. ముద్ద ముద్దకీ ఒకసారి మాత్రం ఆ చూపు రత్నావతి దాకా వచ్చి పోతోంది. ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెడితే తరిగిపోతాయని భయం.

తింటూనే కాళిముత్తుని అడిగి జరిగిందంతా తెలుసుకున్న దొర, పళ్ళెం కింద పెట్టాక మళ్ళీ దొరైపోయాడు. నూకమ్మ ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"ముందు వెతికింది నువ్వు. ఏమీ లేదని అరిచింది నువ్వు. అవునా?"

నూకమ్మ తల దించుకోలేదు. "అవును. కోడలు తెచ్చిన బియ్యం పట్టించే అత్తని కాను నేను" అని చేతి తెల్లపట్టీ తనే ఊడదీసి బల్ల మీద పెట్టింది. "నా కొడుకు సిపాయి. నేను కాదు."

దొర కాదనలేదు. కానీ చిక్కొచ్చి పడింది. అన్నాలు తిన్న కూలీలు తిరిగి చెట్లలోకి పోవాలి. ఎండ ముదిరితే చిప్పల్లో పాలు గడ్డకట్టి, తెల్లవారుజాము నుంచి పడ్డ కష్టమంతా చెడిపోతుంది. ఆడవాళ్ళని వెతికే మనిషి లేకుండా ఒక్క ఆడదీ గేటు దాటకూడదు. బక్కెట్లు పట్టుకుని అందరూ నిలబడిపోయారు. బయట ఎండ చిటపటలాడుతోంది.

"ఎవరైనా చదువొచ్చిన ఆడమనిషి?" అన్నాడు దొర విసుగ్గా.

ఎవరూ కదల్లేదు. ఆ పట్టీ కట్టుకుంటే ఇరుగుపొరుగు తిట్లు కట్టుకున్నట్టే. రత్నావతి మొగుడివైపు చూసింది. గేటు దగ్గర ఒంటరిగా నిలబడి తిట్లు తినే ఆ మనిషి పక్కన ఒకరుంటే బాగుండునని ఆమెకి అనిపించడం ఇది మొదటిసారి కాదు. లేచి వెళ్ళి పట్టీ తీసుకుంది.

"నేను చదివింది ఆరో క్లాసే సర్" అంది బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషులో. "కానీ అబద్ధం చెప్పను."

దొర కనుబొమలెగరేశాడు. "అది ఇందాకే విన్నాను."

"ఒలే రత్నా, ఆలోసించుకున్నావా?" అన్నాడు పైడయ్య.

"నీ ఇంట్లో నేనూ ఉండొద్దా మావా?"

పైడయ్య పట్టీ ముడి తనే వేశాడు, తన మొరటు వేళ్ళతో, తుపాకీకి నూనె రాసేంత శ్రద్ధగా. వేసి, గేటు రెండో పక్కకి, మగవాళ్ళ వరస వైపు వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళ వరసలో ముందున్నది విజయలెచ్చుమి. పిల్లని నూకమ్మకి అందించి, చేతులు రెండూ చాచి నిలబడింది.

"సూడు సెల్లీ" అంది. గొంతులో ఇందాకటి మంట లేదు. "మీ ఆయన దేవుడు. కడుపునిండా తిన్నాను ఇయాల."

రత్నావతి నవ్వింది. అత్త చేసినట్టే భుజాలు తడిమింది, జాకెట్టు అంచులు చూసింది, నడుం దగ్గరికి వచ్చింది. కుచ్చిళ్ళ మడతలో వేళ్ళు ఆగాయి. మెత్తగా తగిలింది. వెచ్చగా ఉంది. ఆకులో చుట్టి, గట్టిగా అదిమిన ముద్ద. పొట్లం అంచులోంచి వేళ్ళకి అంటుకున్న మెతుకు పసుపుగా ఉంది.

ఆమె తలెత్తింది. విజయలెచ్చుమి కళ్ళు ఆమె కళ్ళలోకే చూస్తున్నాయి. పెదాలు కదలీ కదలకుండా అంది, "మూడు దినాలైందట మా మరిది తిని. నా సేతులో పెరిగిన బిడ్డ, సెల్లీ."

జీపు ఇంజను ఇంకా ఆగే ఉంది. దొర పైపు ముట్టించుకుంటున్నాడు. వెనక ఆడవాళ్ళు పాలు గడ్డకట్టిపోతాయని తొందరపెడుతున్నారు.

"రత్నా, ఏటైనా ఉందేటి?" అని పిలిచాడు పైడయ్య, మగవాళ్ళ బుట్టలు వెతుకుతూ. అతను తల ఇటు తిప్పలేదు. రత్నావతి ఉండగా తను తిరిగి చూడనక్కర్లేదనుకున్నాడు.